మా అత్త ఒప్పుకోని కత్తి

డయాలసిస్ మొదలైన కొత్తలో మా అత్తను సూదుల కంటే ఎక్కువ భయపెట్టినవి రక్తం తిరిగే గొట్టాలు. తన ఒంట్లో ఉండాల్సింది బయటికొచ్చి, మిషన్‌లోకి వెళ్లి, మళ్లీ వెనక్కి రావడం కళ్లెదుట జరుగుతుంటే ఆమె తట్టుకోలేకపోయేది. గోడవైపు తిరిగి, కొంగు మొహం మీదికి లాక్కుని పడుకునేది. పలాసలో మేం వెళ్లే సెంటర్‌లో పొద్దున్న పెట్టిన సూది మధ్యాహ్నానికి గానీ తీయరు. అంతసేపూ గోడను చూస్తూ గడపడం ఎవరివల్లా కాదు. నేను ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండేదాన్ని. ఊరి సంగతులు అయిపోయేవి, మా అమ్మాయి బడి సంగతులు అయిపోయేవి, జీడితోటలో పూత సంగతి కూడా అయిపోయేది. ఒకరోజు ఆమె కొంగు తీయకుండానే అడిగింది.

"నీ ఫోన్ల ఏదో రాసుకుంటావు కదా, అదేటో సదువు. సెవిలో ఏదోటి పడతంటే ఇటేపు సూపు పోదు."

నేను రాసుకునేది ఒక ఫాంటసీ కథ. ఫోన్‌లో కథలు చదువుకునే యాప్ ఒకటుంటే అందులో సీరియల్‌గా రాసేదాన్ని. నేను పుట్టి పెరిగింది టెక్కలిలో. డిగ్రీలో తెలుగు చదివి, పెళ్లయ్యేదాకా ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పాను. ఉద్దానంలో ఈ ఊరికి కోడలిగా వచ్చాక పాఠాలు చెప్పే పని లేదు. మధ్యాహ్నం ఇంటిపని తెమిలాక, అమ్మాయి బడినుంచి వచ్చేలోగా కాస్త ఖాళీ దొరికేది. ఆ ఖాళీలో మొదలైంది ఈ కథ. ఎక్కడెక్కడి వాళ్లో చదివి కింద రెండు ముక్కలు రాసేవారు. మా ఇంట్లో మాత్రం ఎవరూ చదవలేదు. మా ఆయన నలుగురిలో "మా ఇంటిది కథలు రాస్తాది" అని చెప్పుకునేవాడు గానీ, ఒక్క భాగమూ తెరిచి చూసింది లేదు. అందుకే అత్త అడిగినప్పుడు నాకు కొంచెం సిగ్గేసింది. మంత్రాలూ భూతాలూ ఉన్న కథ, ఆమెకు నచ్చుతుందో లేదో. అయినా మొదటి భాగం తెరిచి, పక్క మంచాలకు వినబడకుండా మెల్లిగా చదవడం మొదలుపెట్టాను.

కథ ఇది. సముద్రం ఒడ్డున ఒక రాజ్యం. అప్పుడప్పుడూ ఉన్నట్టుండి సముద్రం మీదినుంచి తెల్లటి మంచు లేచి ఊళ్ల మీదికి వస్తుంది. ఆ మంచులో ఒక భూతం ఉంటుంది. అది తగిలిన చోట కొబ్బరిచెట్లు తలలు వాల్చేస్తాయి, బావులు ఎండుతాయి, మనుషులు నెమ్మదిగా నీరసించి పడిపోతారు. ఉప్పుమడుల్లో పనిచేసే కుర్రవాడొకడు దాన్ని చంపాలని బయల్దేరతాడు. చిన్నప్పుడు టెక్కలి నుంచి బస్సులో వెళ్తుంటే నౌపడ వైపు ఎండలో మెరిసే ఉప్పుకుప్పలు చూసేదాన్ని. నా హీరోని అక్కడినుంచే తెచ్చుకున్నాను. వాడు తిరిగి తిరిగి చివరికి ఒక ఇసుకదిబ్బలో పాతిపెట్టిన కత్తిని కనుక్కుంటాడు. భూతాన్ని చంపగలిగింది అదొక్కటే. కానీ ఆ కత్తికి శాపం ఉంది. దాన్ని దూసిన ప్రతిసారీ అది పట్టుకున్నవాడి ఆయుష్షు కొంచెం తాగేస్తుంది. దిబ్బకు కాపలా ఉండే ముసలాయన ఈ మాట చెప్పి పక్కకు తప్పుకుంటాడు. ఇక ఎత్తుతాడో లేదో వాడి ఇష్టం.

అత్తకు చదివి వినిపించడం మొదలుపెట్టేసరికి నేను రాసింది అంతవరకే. వాడు కత్తి ఎత్తాలా వద్దా అన్నది నేనూ తేల్చుకోలేదు. యాప్‌లో చదివేవాళ్లు మాత్రం ఎప్పుడో తేల్చేశారు. ఎత్తాల్సిందేనని అందరిదీ ఒకే మాట. "శాపం లేని కత్తి ఎవడిక్కావాలి అక్కా" అని ఒకరు రాశారు. ఇంకొకరు, హీరో చనిపోతే యాప్ తీసేస్తానని బెదిరించారు.

మా అత్త మొదటి రోజే కొంగు తీసి వినడం మొదలుపెట్టింది. నాలుగైదు సార్లు సెంటర్‌కు వెళ్లొచ్చేసరికి కథ ఇసుకదిబ్బ దగ్గరికి వచ్చింది. అప్పటికి మెల్లిగా చదవడం అనేది ఎప్పుడో పోయింది. పక్క మంచం మీద సంతబొమ్మాళి వైపు మత్స్యకారుల పల్లెనుంచి వచ్చే ఆయన ఉండేవాడు. వయసులో ఉన్నప్పుడు గుజరాత్ వైపు వెళ్లి బోట్ల మీద పనిచేసినవాడు. బలమైన మనిషి, ఒళ్లు తగ్గినా గొంతు తగ్గలేదు. మా అత్తను అక్క వరసలో "అప్పా" అని పిలిచేవాడు. నేను చదువుతుంటే ఆయనా, ఆయన మంచం పక్కన స్టూలు మీద కూర్చున్న భార్యా ఇద్దరూ వినేవారు. వినబడకపోతే "కొంచెం గట్టిగా అమ్మా" అని అడిగేవారు.

కత్తి భాగం చదివి ఆపగానే ఆయనే మొదట మాట్లాడాడు.

"ఎత్తాలప్పా. ఊళ్లకూళ్లు పోతంటే, కత్తి సేతికి దొరికినోడు సూత్తా కూకుంటాడేటి?"

మా అత్త నావైపు తిరిగి, "ఆ గుంటడికి తల్లుందా?" అని అడిగింది.

ఉందన్నాను. మొదటి భాగంలో ఉప్పు గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్ముకునే మనిషిగా ఒక చోట వస్తుంది, ఆ తర్వాత నేను ఆమె సంగతి మర్చిపోయాను.

"అయితే ఎత్తకూడదు," అంది మా అత్త.

ఆ పూటంతా అదే వాదన. ఆయన సముద్రం మీద తుపానులో చిక్కుకున్న రోజుల గురించి చెప్పాడు. వల తాడు కోయాల్సి వచ్చినప్పుడు ఎవరో ఒకరు ముందుకు వెళ్లాల్సిందేననీ, వెళ్లినవాడు మళ్లీ వస్తాడో రాడో ఆ క్షణంలో ఎవరూ ఆలోచించరనీ అన్నాడు. మా అత్త అదంతా శ్రద్ధగా విని, వాళ్ల ఇళ్లలో ఆడవాళ్లు ఆలోచిస్తారని చెప్పింది. ఆయన భార్య నవ్వి అత్తవైపే చేరింది. బీపీ చూడ్డానికి వచ్చిన సిస్టర్ కూడా సంగతేమిటని అడిగి, కత్తి ఎత్తకపోతే ఇక కథేముంటుందని నా తరఫున మాట్లాడి వెళ్లింది. ఆ రోజు సూది తీసేసరికి మా అత్త అలసిపోలేదు. ఆటోలో కూడా వాదిస్తూనే ఉంది, అక్కడ ఎదుటివాళ్లెవరూ లేకపోయినా.

అలా ఒక నెలపాటు గడిచింది. నిజం చెప్పాలంటే ఆ నెల నాకు బాగుంది. నేను సరదా కోసం రాసుకునే కథను నలుగురు మనుషులు అంత పట్టింపుగా తీసుకోవడం నాకు కొత్త. ఎటు రాస్తే ఎవరేమంటారో అని తోటలో పనిచేస్తూ కూడా ఆలోచించేదాన్ని.

ఆ తోటలోనే మా ఆయన ఆ మాట చెప్పాడు. జీడిపళ్లు రాలే రోజులు. మేమిద్దరం చెట్టు కింద కూర్చుని పండునుంచి పిక్కను మెలితిప్పి వేరుచేస్తున్నాం. చేతిలో పని ఆపకుండా, నావైపు చూడకుండా అన్నాడు.

"అమ్మకి నా కిడ్నీ ఒకటి ఇచ్చీద్దామనుకుంటన్నాను."

నేను కూడా చేతిలో పని ఆపలేదు. ఆపితే ఏదో ఒకటి అనాలి. వద్దంటే అత్త మీద నాకున్న ప్రేమ ఎంతో అక్కడికక్కడే తేలిపోతుంది. సరేనంటే, ఈ మనిషి చెట్లెక్కుతాడు, బస్తాలు మోస్తాడు, మా అమ్మాయి ఇంకా చిన్నది. అదీ కాక మా ఊళ్లో కిడ్నీల జబ్బు లేని వీధి లేదు. మా మామగారు నా పెళ్లికి ముందే పోయారు, దానితోనే. రెండు ఉన్నవాళ్లకే దిక్కు లేని చోట ఒకటితో ఈయన ఎలా ఉంటాడు? ఇవన్నీ మనసులో తిరిగాయి గానీ నోటికి రాలేదు. చివరికి, ముందు మీ అమ్మను అడగండి అని మాత్రం అన్నాను. ఆయన తలూపాడు. నా భయం ఆయనకు తెలిసిందనే అనుకుంటాను. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లేటప్పుడు బరువు తక్కువ బుట్ట నాకు ఇచ్చి, రెండోది తనే తీసుకున్నాడు.

మర్నాడు అన్నాలు తినేటప్పుడు తల్లికి చెప్పాడు. ఆమె కంచంలో ఉన్నది పూర్తిగా తిని, చెయ్యి కడుక్కుని, కోళ్లకు నూకలు వేయడానికి పెరట్లోకి వెళ్లిపోయింది. చాలాసేపు రాలేదు. మా ఆయన కంచం ముందే కూర్చుండిపోయాడు. నేను వెళ్లి చూస్తే, కోళ్లు తినేసి వెళ్లిపోయాయి, ఆమె ఖాళీ చేట పట్టుకుని అక్కడే నిలబడి ఉంది.

తర్వాతిసారి సెంటర్‌లో సూది పెట్టించుకున్నాక నేను ఫోన్ తీయబోతే ఆమె వద్దంది.

"ఆ కత్తి మోసినోడి పేణం తాగుతాది అన్నావు కదా. ఆడి పేణం ఆడొక్కడిదేనా?"

పక్క మంచం ఆయన వాదనకు సిద్ధమై నోరు తెరిచి, ఆమె మొహం చూసి ఆగాడు. ఆమె చెప్పుకుంటూ పోయింది. వాడికి పెళ్లాం రావాలి, పిల్లలు కలగాలి. వాడు దూసిన కత్తి వాడి ఒంట్లోంచి తాగితే, అది వాళ్ల నోటి దగ్గరినుంచి తాగినట్టే. ఆ లెక్కన వాడు ఒక్కడే తీసుకునే నిర్ణయం కాదు అది. ఊరు బతకడానికి ఒకడు అరిగిపోవాలంటే, ఆ ఊళ్లో ఉన్న ముసలివాళ్లు సిగ్గుపడాలి. ఇలా చెబుతూ చెబుతూ, కథలోంచి ఎప్పుడు బయటికొచ్చిందో ఆమెకే తెలియలేదు. "నాకేటి మిగిలుంది? ఇంకా ఆడిది కూడా తీసుకుని నానేటి సేత్తాను?" అనేసింది.

అప్పుడు పక్క మంచం ఆయనకు అర్థమైంది. తిరుగుతున్న ఫ్యాన్ వైపు చూస్తూ తన సంగతి చెప్పాడు. ఆయనకు ఒక చెల్లెలుంది. ఆయనకు జబ్బు ముదిరిందని తెలియగానే తన కిడ్నీ ఇస్తానని వచ్చింది. ఈయన ఇంటి గుమ్మం కూడా ఎక్కనివ్వలేదు. పిల్లలున్నదానివి, మళ్లీ ఆ మాట ఎత్తితే నా మొహం చూడొద్దని అరిచి పంపేశాడు.

"అడ్డం పడిపోయినాననుకున్నానప్పా. మంచి పనే సేసినాననుకున్నాను. అది ఇప్పుడు నా ఇంటికి రాదు. పండక్కి కనబడితే తలొంచుకుని ఎల్లిపోతాది. నన్ను సంపీసింది తనే అన్నట్టు తిరుగుతంది అది." మా అత్తవైపు తిరిగాడు. "ఇత్తానన్నోడిని పరీచ్చల వరకన్నా ఎల్లనియ్యి. కాదనాలంటే తరవాతైనా కాదనొచ్చు."

ఆయన భార్య మొహం పక్కకు తిప్పుకుంది. ఈ సంగతి ఆయన ఇంతకు ముందు ఎవరి దగ్గరా ఎత్తలేదని నాకు తర్వాత చెప్పింది.

ఇంటికి వెళ్లాక మా అత్త కొడుకును పిలిచి, "పరీచ్చలకి ఎల్దాం. అంతవరకే," అంది. మా ఆయన అప్పుడే సగం పని అయిపోయినట్టు సంబరపడ్డాడు.

విశాఖపట్నంలో ఆసుపత్రికి ముగ్గురం వెళ్లాం. రక్తపరీక్షలూ స్కానింగులూ అయ్యాక ఒకరోజు డాక్టరుగారు మా ఆయననూ నన్నూ లోపలికి పిలిచారు. అత్త బయట బెంచీ మీద సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. డాక్టరుగారు కాగితాలు పక్కన పెట్టి, తెలిసేలా నెమ్మదిగా చెప్పారు. మా ఆయన కిడ్నీల్లో కూడా తేడా మొదలైంది. ఇంకా తొలి దశే. జాగ్రత్తగా ఉంటే చాలాకాలం ఇబ్బంది లేకుండా గడపొచ్చు. కానీ ఈయన ఎవరికీ ఇవ్వడానికి లేదు.

మా ఆయన అంతా విని అడిగిన మొదటి మాట, "అయితే అమ్మకి ఇవ్వలేనా?"

డాక్టరుగారు ఒకసారి నావైపు చూసి, మళ్లీ మొదటినుంచి చెప్పారు. ఇప్పుడు మాట్లాడుతున్నది మీ అమ్మగారి గురించి కాదు, మీ గురించి అన్నారు. అప్పటికి గానీ ఆ మాట మా ఆయనకు ఎక్కలేదు. ఎక్కాక, అరచేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. ఒళ్లు నొప్పులకు మాత్రలు వేసుకుంటారా అని డాక్టరుగారు అడిగితే, బస్తాలు మోసిన రోజున తప్పదన్నాడు. ఇకమీదట అవి ముట్టుకోవద్దన్నారు. నీళ్లు బాగా తాగమన్నారు, మిట్టమధ్యాహ్నం ఎండలో పని తగ్గించమన్నారు, బీపీ చూపించుకుంటూ ఉండమన్నారు. ఇప్పుడే తెలియడం మీ అదృష్టం అని కూడా అన్నారు. అదృష్టం అన్న మాట ఆ గదిలో వింతగా వినిపించింది, అయినా అది నిజమే. అత్త కోసం ఈ పరీక్షలకు రాకపోయి ఉంటే, మా ఆయన తన సంగతి ఏ కాళ్ల వాపు కనబడ్డాకో తెలుసుకునేవాడు.

బయటికి వచ్చి తల్లి పక్కన కూర్చుని, "నాది పనికిరాదంటమ్మా," అన్నాడు. ఎందుకని అడిగింది. ఆయన దాచలేదు. దాచడం ఆయనకు చేతకాదు.

తిరుగు రైల్లో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. మా ఆయన పై బెర్తు ఎక్కి పడుకున్నాడు. కోటబొమ్మాళి దాటాక ఆమె నా చెయ్యి పట్టుకుని, పైకి వినబడకుండా అడిగింది.

"సిన్నప్పటినుంచి ఆడు తాగిన నీల్లు నాను తోడి పోసినవే కదా?"

ఆ జబ్బు ఎందుకొస్తుందో పెద్ద పెద్ద డాక్టర్లకే ఇంకా తేలలేదనీ, నీళ్లో, ఎండో, మరొకటో ఎవరూ చెప్పలేకపోతున్నారనీ నాకు తెలిసినంతలో చెప్పాను. మీరు పోసిన నీళ్లే మీరూ తాగారు కదా అన్నాను. ఆమె తలూపింది. ఒప్పుకున్నట్టు మాత్రం కాదు. పలాసలో దిగేదాకా నా చెయ్యి వదల్లేదు.

ఆ తర్వాత మా ఇంట్లో నీళ్ల పెత్తనం ఆమె తీసుకుంది. డబ్బాల్లో వచ్చే శుద్ధి చేసిన నీళ్లు తప్ప మా ఆయన వేరేవి తాగకుండా చూసేది. ఆయనకు గుర్తుండదు. పనిలో పడితే సాయంత్రం దాకా గుక్కెడు కూడా తాగడు. ఈమె చెంబు పట్టుకుని తోటలోకి వెళ్లి, చెట్టు దిగి వచ్చేదాకా నిలబడి, తాగించి వచ్చేది. ఆమెకేమో నీళ్లు కొలత మీదే. డయాలసిస్‌లో ఉన్నవాళ్లు తాగిన నీరు ఒంట్లోనే నిలిచిపోతుంది కాబట్టి పొద్దుటినుంచి సాయంత్రం దాకా చిన్న గ్లాసులతో సరిపెట్టుకోవాలి. వేసవిలో నాలుక పిడచకట్టుకుపోతే ఒక ఐసు ముక్క నోట్లో పెట్టుకునేది. అలాంటి మనిషి చెంబెడు నీళ్లు కొడుకు చేతికిచ్చి, ఆయన గటగటా తాగుతుంటే ఎదురుగా నిలబడి చూసేది.

నాకు ఆ దృశ్యం చూడ్డం కష్టంగా ఉండేది. ఇకమీదట ఆ పని నేను చేస్తానని ఒకరోజు చెప్పాను.

"నాకేటీ బాధ లేదే. ఆడు తాగతంటే సూడ్డానికి బాగుంటాది," అంది.

ఆ రోజుల్లో నేను కథ ముట్టుకోలేదు. రాయడానికి కూర్చుంటే ఆయుష్షు తాగే కత్తి అన్న మాట దగ్గరే చెయ్యి ఆగిపోయేది. మొదట రాసినప్పుడు ఆ శాపం కథకు రుచి కోసం వేసింది. హీరోకి ఏ నష్టమూ లేకుండా గెలుపు దొరికితే కథలో పస ఉండదు కదా, అందుకని వేశాను. మనిషి ఒంట్లోంచి బలం రోజూ కొంచెం కొంచెం పోవడం ఎలా ఉంటుందో ఇప్పుడు మా ఇంట్లో రెండు చోట్ల చూస్తున్నాను. యాప్‌లో మాత్రం తర్వాతి భాగం ఎప్పుడని అడుగుతూనే ఉన్నారు.

సెంటర్‌లోనూ మార్పు వచ్చింది. పక్క మంచం ఆయనకు టెక్కలిలోని సెంటర్‌లో చోటు దొరికింది. వాళ్ల ఊరికి అది దగ్గర, మంచిదే అయింది. వెళ్లేముందు ఆయన భార్య నా నంబరు తీసుకుంది. ఆ మంచం మీదికి వచ్చిన కొత్త మనిషి ఎప్పుడూ నిద్రపోతూ ఉండేవాడు. వాదించేవాళ్లు లేక ఆ వరుస చిన్నబోయింది.

అలాంటి ఒక పొద్దున్న, నేను ఊరికే కూర్చుని ఉంటే మా అత్త అంది.

"ఆ గుంటడిని అలాగే ఒగ్గీసినావేటి? ఇసకదిబ్బ మీద నిలబెట్టి?"

ఏం రాయాలో తోచడం లేదని నిజమే చెప్పాను.

"కత్తి ఇచ్చీ ఆడికి."

"మీరే కదత్తా వద్దన్నారు."

"వద్దన్నాను. వద్దంటే ఆగీ రకమేటి? మనింట్లోనోడు ఆగినాడా?" అని కొంచెం సర్దుకుని పడుకుంది. "ఇచ్చీ. కానీ ఆడినొక్కడినే తిప్పకు. కత్తి దూసి ఇంటికొచ్చీసరికి నీరసంగా ఉంటాడు కదా, ఆడికి అన్నం ఎవులెడతన్నారు? సెయ్యి వణికితే ముద్ద ఎవులు కలిపెడతన్నారు? నువ్వది ఎక్కడా రాయవు. కత్తి తళతళా మెరిసిందని రాత్తావు."

నాకు నవ్వొచ్చింది. నిజంగానే అలా రాశాను, రెండు మూడు చోట్ల.

ఆ వారమే మళ్లీ మొదలుపెట్టాను. కుర్రవాడు కత్తి ఎత్తాడు. మొదటి భాగం తర్వాత నేను మర్చిపోయిన వాడి తల్లిని వెనక్కి తెచ్చాను. ఉప్పు గంప ఇంట్లో దించేసి కొడుకు వెంట బయల్దేరుతుంది. వాడు పోరాడి వచ్చినప్పుడల్లా కత్తిని చేతిలోంచి తీసి గుడ్డలో చుట్టి దూరంగా పెడుతుంది. ఉడుకు గంజి పోస్తుంది. ఒళ్లు చూస్తుంది, జుట్టులో కొత్తగా తెల్లబడిన వెంట్రుకలు చూస్తుంది. కొన్నిసార్లు ఈ రోజుకు కత్తి దూయొద్దంటుంది, వాడు వింటాడు. కొన్నిసార్లు వినడు. చిన్న గొడవకి కూడా కత్తి దూసే అలవాటు మాత్రం ఆమె వల్ల మానేస్తాడు. నేను మొదట అనుకున్న కథలో యుద్ధాలు ఎక్కువ ఉండాలి. ఇప్పుడు యుద్ధాల మధ్య రోజులు ఎక్కువయ్యాయి. యాప్‌లో కొందరికి అది నచ్చలేదు. హీరో తింటూ పడుకుంటూ ఉన్నాడు, భూతం ఎప్పుడొస్తుందని అడిగారు. కొందరు ఆ తల్లి కోసమే చదువుతున్నామన్నారు.

మా అత్తకు చదివితే, ఆమె గంజిలో ఏం నంజుకున్నాడో కూడా రాయమంది. ఒకచోట తల్లి కొడుకును మరీ ఎక్కువ తిడుతోందనీ, జబ్బు మనిషిని అంత తిట్టకూడదనీ అభ్యంతరం చెప్పింది. ఆమె ఎన్నిసార్లు మా ఆయనను అంతకంటే గట్టిగా తిట్టిందో నేను గుర్తుచేయలేదు.

కథ చివరికి వచ్చేసరికి కుర్రవాడిని చంపేయాలనే నా ఆలోచన. కత్తి శాపం మొదట అలాగే పెట్టాను, ఆఖరి దెబ్బతో వాడి ఆయుష్షు పూర్తిగా అయిపోవాలి. అలా అయితే చదివేవాళ్లకు గుర్తుండిపోతుందని అనుకున్నాను. అప్పుడే టెక్కలి నుంచి ఫోన్ వచ్చింది. పక్క మంచం ఆయన భార్య ఫోన్ కలిపి, ఆయనకు ఇచ్చింది.

"ఎత్తినాడా అమ్మా?" అన్నాడు, బాగోగులు కూడా అడగకుండా.

ఎత్తాడని చెప్పాను. తను ముందే చెప్పాడు కదా అని సంతోషపడ్డాడు. మా అత్త ఎలా ఉందో, మా ఆయన ఎలా ఉన్నాడో అడిగాడు. జరిగింది చెప్పాను. ఆయన గొంతు తగ్గింది. తన మాట విని వెళ్లారు కదా అని బాధపడుతున్నాడని తోచి, వెళ్లబట్టే సంగతి ముందుగా తెలిసిందనీ, డాక్టరుగారు కూడా అదే అన్నారనీ చెప్పాను. అప్పుడు తన కబురు చెప్పాడు. చెల్లెలింటికి తనే వెళ్లాడట. పరీక్ష చేయిస్తే ఇద్దరి రక్తం గ్రూపులూ కలవలేదు, ఆ దారి మూసుకుపోయింది. కానీ ఇప్పుడు టెక్కలికి ఆయన వెంట అప్పుడప్పుడు ఆమె వస్తోంది, ఆయన భార్యకు కాస్త ఊపిరాడుతోంది. చివరికి మళ్లీ కథ దగ్గరికే వచ్చాడు.

"ఆడు సచ్చిపోతాడేటి?"

ఇంకా రాయలేదన్నాను.

"సంపకమ్మా," అన్నాడు.

నేను చంపలేదు. ఆఖరి భాగంలో భూతం పోతుంది, మంచు విడిపోతుంది, కుర్రవాడు ఒడ్డున పడిపోతాడు. తర్వాత లేస్తాడు. మునుపటి బలం తిరిగి రాదు. ఉప్పుమడుల్లో పొద్దంతా పనిచేయలేడు. చల్లని పూట కొంచెంసేపు చేసి, ఎండెక్కాక నీడకు చేరతాడు. తల్లి కత్తిని మళ్లీ ఇసుకలో పాతిపెట్టి వస్తుంది. అలాంటి కత్తిని హీరో ఎత్తాలా అని ఇప్పుడు నన్నెవరైనా అడిగితే, ఒక్క మాటలో జవాబు నా దగ్గర లేదు. ఎత్తేవాడు ఎత్తకుండా ఉండలేడని మా ఆయనను చూసి నమ్ముతాను. వాడిని ఒంటరిగా పంపించకూడదని మా అత్త వల్ల తెలుసుకున్నాను. అది చాలనిపించింది, కథకు.

మా ఆయన సంగతి నిలకడగానే ఉంది. ఎప్పటికప్పుడు రక్తపరీక్ష చేయిస్తున్నాం, క్రియాటినిన్ అంకె పెద్దగా పెరగలేదు. చెట్లెక్కే పనికి వేరే మనిషిని పిలుస్తున్నాడు, అది ఆయనకు నామోషీగానే ఉంది. మా అత్త ఇంకా పలాస వెళ్తూనే ఉంది. కొన్నాళ్లు బాగుంటుంది, కొన్నాళ్లు మంచం దిగలేకపోతుంది.

ఆఖరి భాగం చదివిన రోజు ఆమె బాగున్న రోజుల్లోదే. సూది తీసి, చేతికి పట్టీ వేసి, కూర్చోబెట్టారు. చదవడం అయిపోయిందన్నాను. ఆమె ఎదురుచూస్తూనే ఉంది.

"ఆడికి పెల్లి సెయ్యవా?"

కథ అయిపోయిందత్తా అన్నాను.

"పెల్లి లేకుండా అయిపోవడమేటి," అని ఆమె కాస్త చిరాకు పడింది.

బయట ఎండ ముదురుతోంది. మమ్మల్ని ఎప్పుడూ తీసుకెళ్లే ఆటో ఆయన వచ్చి ఉన్నాడు. పూండి రోడ్డెక్కాక, "ఏటి కబుర్లు?" అని ఆయన మామూలుగా పలకరించాడు. మా అత్త ముందుకు వంగి, సముద్రం ఒడ్డున ఒక రాజ్యం ఉండేదని మొదలుపెట్టింది. మంచు వచ్చింది, భూతం వచ్చింది, కత్తి దొరికింది. యుద్ధాలన్నీ రెండు మాటల్లో తేల్చేసింది. మా ఊరి మలుపు తిరిగేసరికి, ఉప్పుమడుల కుర్రవాడికి పక్క ఊరి పిల్లతో పెళ్లి జరుగుతోంది. వడ్డన దగ్గర తనే నిలబడి చూసినట్టు, వచ్చినవాళ్లందరికీ ఏం పెట్టారో ఆమె ఒక్కొక్కటిగా చెబుతోంది. నేను రాయని కథ అది. ఆటో ఆయన బండి మెల్లిగా నడుపుతూ వింటున్నాడు.